వీరగల్లు వెనుక ఇల్లు

నాగర్‌కర్నూలునకు చేరువనున్న తెలకపల్లి మొదలుకొని పడమట గద్వాల నడిగడ్డ దాక, దక్షిణమున కృష్ణాతీరము దాక వ్యాపించిన పాలమూరు పల్లెలలో, చెరువుకట్టమీదనో, ఆంజనేయుని గుడిమూలనో, పొలిమేరలోని వేపచెట్టు క్రిందనో, సగము భూమిలోనికి దిగబడి, పసుపుకుంకుమల చేతను నూనెజిడ్డు చేతను రూపురేఖలు మాసిపోయిన రాతిపలకలు కానవచ్చుచుండును. చరిత్రకారులు వానిని వీరగల్లు లందురు. పల్లెజనులలో కొందరు పోతరాజనియు, కొందరు వీరన్నయనియు, మరికొందరు భైరవుడనియు పిలిచి, పండుగపూట ఒక కొబ్బరికాయ కొట్టి తమ పనులకు పోవుదురు. దేవుడై పూజలందుకొనుచున్న ఆ మూర్తి ఒకానొకనాడు ఈ ఊరి వీథులలోనే తిరిగిన మనుష్యుడనియు, వానికొక తల్లియు, ఒక ఇల్లును, దున్నవలసిన చేనును ఉండెననియు తలచువారు అరుదు.

సాధారణముగా ఈ పలకలు మూడు అరలుగా చెక్కబడియుండును. క్రింది అరలో వీరుడు కత్తియు డాలును ధరించియో, గుఱ్ఱమునెక్కి బల్లెమెత్తియో శత్రువుతో తలపడుచుండును. నడిమి అరలో, అప్పటికే ప్రాణములు విడిచిన వానిని అప్సరసలు చెరియొక ప్రక్కను పట్టుకొని పైకి గొనిపోవుచుందురు. పై అరలో వాడు కైలాసమున శివలింగము నెదుట చేతులు జోడించి కూర్చుండును. వానికి పైన, ఆ కీర్తి ఆచంద్రార్కము నిలుచుననుటకు సాక్షులుగా సూర్యచంద్రులు నిలిచియుందురు. ఊరు మారినను, శిల్పి మారినను, ఈ క్రమము చాలవరకు మారదు. పోరునుండి స్వర్గమునకు అడ్డగీత యొక్కటియే దూరము! ఆ గీతలో అణగిపోయిన గాయమును, దాహమును, రాత్రియెల్ల రణభూమినుండి వినవచ్చిన మూలుగును శిల్పి చెక్కలేదు. మరునాటి ఉదయమున వార్త చేరిన గుమ్మమును అసలే చెక్కలేదు. నాలుగవ అర యొకటి యుండియుండిన, అది ఆ ఇంటి బొమ్మ కావలసియుండెను.

వీరగల్లులన్నియు మహాయుద్ధముల జ్ఞాపికలే యనుకొనరాదు. పగవారు ఊరిపశువులను తోలుకొని పోవుచుండగా అడ్డుపడి చచ్చినవాడు, పులితో పెనగి చచ్చినవాడు, దారిదోపిడిగాండ్రనుండి ఆడువారిని కాపాడి చచ్చినవాడు, వీరందరును వీరులుగనే లెక్కింపబడిరి. నల్లమలలోని శ్రీశైలమున 14వ శతాబ్దమందు అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపమున భక్త్యావేశముతో తమ శిరస్సులను తామే ఖండించుకొన్నవారి తెగ వేఱు. దానిని ఇచట ప్రస్తావించుట, కత్తి చేతబట్టిన ప్రతి బొమ్మయు యుద్ధవీరునిది కాదని తెలుపుటకే. అయినను గోగ్రహణమున చచ్చినవానినిగాని, రాజుకొరకు చచ్చినవానినిగాని, సాటిమనుష్యునితో పోరాడి మడిసినవానిని ఊరు ఊరంతయు కలిసి రాతిపై నిలుపుకొన్న ఆచారమే వీరగల్లులలో ప్రధానము.

నాలుగవ అరను రాతిమీద చెక్కకపోయినను, ఆనాటివారు దానిని నేలమీద కొంత పూరించిరి. ఈ సీమ చిరకాలము కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోను, వారి సామంతులైన కందూరు చోడుల చేతిలోను ఉండి, తెలుగు కన్నడముల శాసనములు ప్రక్కప్రక్కన వెలసిన సీమ. కన్నడశాసనములలో నెత్తరుకొడగె యని ఒక దానవిశేషము కలదు. పోరున నెత్తురు చిందించి మడిసినవాని కుటుంబమునకు ఊరివారో, ప్రభువో వ్రాసియిచ్చిన భూమి యది. రాయి నాటించుట యెంత ముఖ్యమో, చచ్చినవాని కొడుకునకు ఇంత పొలము కొలిచి యిచ్చుటయు అంత ముఖ్యముగా నెంచబడెను. దానమునకు భంగము చేసినవాడు గంగాతీరమున గోవును చంపిన పాపమున పోవునని శాసనాంతమున శాపము చెక్కించుట నాటి ఆనవాయితీ; తరువాతివారు ఆ పొలమును లాగికొందురేమోయను భయము ఆనాడును ఉండెననుటకు ఆ శాపమే తార్కాణము. వీరపూజను మనము స్తుతిపాఠముగా మాత్రమే గ్రహించి, దాని వెనుకనున్న ఈ ఋణపత్రమును మరచితిమి. ఒక మనుష్యుని ప్రాణము తనకొరకు వ్యయమైనదని ఊరు ఒప్పుకొని, ఆ అప్పును తరతరములు తీర్చుటకు పూనుకొన్న వ్యవహారమది. ఆ ఆచారమున నాకు మిక్కిలి గౌరవనీయముగా తోచు అంశము ఇదియే.

గౌరవింపజాలని అంశమును చెప్పక తప్పదు. వీరగల్లు ప్రక్కనే కొన్నిచోట్ల సతిగల్లులును కానవచ్చును; గాజులు తొడిగిన చేయి యొకటి మోచేతివద్ద వంగి ఆకాశమునకు ఎత్తబడియుండును. పురుషుడు యుద్ధమున వ్యయమైన పిమ్మట స్త్రీ చితియందు వ్యయమయ్యెనని ఆ చేయి తెలుపుచున్నది. యుద్ధమున చచ్చినవారి సంఖ్యలో ఆమెను ఏ చరిత్రకారుడును చేర్చలేదు. దానిని పాతివ్రత్యమని కొనియాడినవారి మాటలు ఎన్నియైనను, ఆ రాతిచేతిని చూచినపుడెల్ల నాకు దుఃఖము తప్ప అన్యభావము కలుగదు.

అట్లు చితినెక్కక, బ్రతికి, భర్త స్మృతిని తన పేరుతో తానే రాతికెక్కించిన స్త్రీ యొకతె ఈ పాలమూరుననే కలదు. నేటి బిజినేపల్లి మండలమందలి నందివడ్డెమాను ఒకనాటి వర్ధమానపురము. కాకతీయుల సామంతులైన గోనవారి రాజధాని. ద్విపదలో రంగనాథరామాయణమును రచించిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. అతని కుమార్తె కుప్పాంబిక. ఆమె భర్త మల్యాల గుండదండనాథుడు. వృత్తిచేత యుద్ధమునకు అంకితమైన సేనాని. అతడు గతించిన పిమ్మట కుప్పాంబిక బూదపురమున, అనగా నేటి భూత్పూరున, భర్తపేర గుండేశ్వరుడను శివలింగమును ప్రతిష్ఠించి 1276లో శాసనము వేయించెను. సాహిత్యచరిత్రకారులు ఆమెను తొలి తెలుగు కవయిత్రులలో అగ్రగణ్యగా పేర్కొందురు. తండ్రి యుద్ధకాండను వ్రాసి, అందు భర్తృశవమును జూచి మందోదరి విలపించిన ఘట్టమును తెలుగు చేసినవాడు. కుమార్తె తాను భర్తను పోగొట్టుకొన్న నాడు విలాపమును గాక, దీపారాధనను, ఆలయమును, అక్షరమును ఎన్నుకొన్నది. దండనాథుల పేర్లతో నిండిన ఆ శతాబ్దమున, యుద్ధవృత్తి కలవాని ఇల్లు తన నోటితో తాను మాటలాడిన సందర్భము ఇంతకన్న స్పష్టమైనది ఈ సీమలో నాకు కనబడదు. తెలకపల్లి బాలికలు తమ పాఠ్యపుస్తకములలో ఎందరో రాణులను చదువుదురుగాక, పొరుగూరి కుప్పాంబికను మొదట చదువవలెను.

ఆమె సోదరుడు గోన గన్నారెడ్డి కాలమున, 1294లో, అతని సేనాని విఠలనాథుడు రాయచూరు దుర్గమును కట్టించి ఆ విషయమును ఒక మహాశిలపై చెక్కించెను. ఆ రాయి పొడవు సుమారు 41 అడుగులు. అంతటి బండను గనినుండి కోటకు చేర్చిన విధము కూడ ఆ గోడమీదనే బొమ్మగా చెక్కబడియున్నది: గట్టిచక్రముల బండి, దానిని లాగుచున్న దున్నల బారు, చక్రములక్రింద మీటలు పెట్టి త్రోయుచున్న కూలివారు. యుద్ధమునకు కూలిచేసిన సామాన్యుని బొమ్మను ఇంత వివరముగా చూపిన శిల్పము అపురూపము. వారి పేర్లు లేవు, బొమ్మయైనను మిగిలినది.

ఆ రాయచూరు కొరకే, కృష్ణాతుంగభద్రల నడుమనున్న ఆ అంతర్వేది కొరకే, తరువాతి మూడు శతాబ్దములు నెత్తురు పారినది. గద్వాల, ఆలంపూరు ప్రాంతమును ఇప్పటికిని జనులు నడిగడ్డ యనియే పిలుతురు. బహమనీలకును విజయనగరమునకును మధ్య ఈ గడ్డ ఎన్నిమార్లు చేతులు మారెనో లెక్కించుట సులభము కాదు. 1417 ప్రాంతమున ఫిరోజిషా బహమనీ పానగల్లు దుర్గమును ముట్టడించి రెండేండ్లు కూర్చుండగా, సైన్యమున మహామారి పుట్టి, మనుష్యులును గుఱ్ఱములును కుప్పలుగా చచ్చిరనియు, పిమ్మట విజయనగరపు దేవరాయల సేన వచ్చిపడి ఓడినవారిని నిర్దయగా ఊచకోత కోసెననియు పారసీక చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాసెను. నిజాము రాష్ట్రపు గెజిటీరు ఆ దుర్గము నేటి వనపర్తి జిల్లాలోని పానగల్లే యని చెప్పగా, నల్లగొండ పానగల్లని వాదించినవారును కలరు. చచ్చినవారు మాత్రము కత్తికంటె ముందు రోగమునకు చచ్చిరని గుర్తింపవలెను. వీరగల్లుపై రోగమునకు చోటులేదు.

1520లో కృష్ణదేవరాయలు రాయచూరువద్ద బిజాపురపు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షాను జయించెను. మన పాఠ్యగ్రంథములలో ఆ విజయము రెండు వాక్యములు. పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు నూనిజ్ మాత్రము, గెలిచిన రాయల పక్షమున మడిసినవారు 16,000 పైచిలుకని వ్రాసి, రాజు వారి కళేబరములను దహింపజేసెనని చెప్పెను. గెలిచిన పక్షపు లెక్క ఇది! ఓడినవారి లెక్క వేఱు. ఇన్ని వేల ఇండ్లలో దీపము వెలిగించువాడు లేకపోయిన ఆ యేడు, పంటల కోతకు ఎవరుండిరో, పగిలిన చెరువుగండ్లను ఎవరు పూడ్చిరో ఏ యాత్రికుడును అడుగలేదు. 1565 జనవరిలో రక్కసితంగడి రణమున విజయనగరపు అళియ రామరాయల తల తెగిన కథ అందరికిని తెలియును. ఆ తలతోబాటు తెగిన తలల కథ ఎవ్వరికిని తెలియదు.

తెలుగువారికి ఈ లెక్క తెలియక కాదు. తిక్కన స్త్రీపర్వమును తెలుగు చేసిన జాతి మనది. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసిన పిమ్మట కురుస్త్రీలు రణభూమిలో తమవారిని వెదకికొన్న ఆ పర్వమును భారతమునుండి తీసివేసిన, మిగిలినది జయకావ్యము మాత్రమే యగును. పల్నాటి కారెంపూడిలో, 12వ శతాబ్దపు అంతఃకలహమున మడిసిన అరువదియాఱుగురు వీరనాయకులకు నేటికిని కార్తికమాసమున ఐదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక పేరు. వీరుల ఆయుధములను నాగులేటిలో కడిగి, వీరవిద్యావంతులు కథ పాడగా, మాల కన్నమదాసును వారి నాయకుడైన బ్రహ్మనాయనితో సమముగా తలచుకొందురు. బ్రతికియున్ననాడు వారు కులభేదము లేక ఒక్క పంక్తిని కుడిచిన చాపకూడు చచ్చిన పిమ్మటను చెదరలేదు. స్మృతియందు కులభేదము పాటింపని ఆ ఆచారము నేటి మన విగ్రహప్రతిష్ఠలకు పాఠము చెప్పగలది.

సంస్థానముల కాలమునకు వచ్చుసరికి యుద్ధము ఒక కొలువు అయ్యెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలుపేట సంస్థానాధీశులు నిజామునకు కప్పముతోబాటు అవసరమునకు బలగమును సమకూర్చవలసినవారు. గద్వాలకోటను నిర్మించిన సోమనాద్రి కర్నూలు నవాబుతో చేసిన పోరును ఈ ప్రాంతపు కథకులు పాటగట్టి పాడిరి. బోయలు, తదితర బంట్లు మాన్యములు అనుభవించుచు ఆ కోటలను కాచిరి. ఎడ్లపై ధాన్యపుబస్తాలు వేసికొని సైన్యముల వెంట నడచిన లంబాడీలు లేనిదే దక్కనులో ఏ సేనయు పదిదినములు నిలువజాలకపోయెను. 19వ శతాబ్దమున వనపర్తి ప్రభువు రామేశ్వరరావు సముద్రముల కావలినుండి వచ్చిన ఆఫ్రికా సిద్దీలతో ఒక అశ్వదళమును నడిపెను. అది తరువాత నిజాము సైన్యమున చేరి, హైదరాబాదున వారు నివసించిన పేటకు ఏ.సి. గార్డ్స్, అనగా ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అను పేరు నిలిచినది. నేడు అచట ఇల్లు అద్దెకు తీసికొను పాలమూరు యువకుడు ఆ పేరున తన వనపర్తియును, ఆఫ్రికాయును దాగియున్నవని ఎఱుగడు.

1914లో ఐరోపా రాజుల కలహము దక్కను గడపను తట్టెను. నిజాము ఒకటవ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఆ యేటనే ఓడలెక్కి ఈజిప్టు చేరి, సూయెజ్ కాలువను కాచి, మైసూరు, జోధ్‌పురు అశ్వికులతో గూడి 15వ అశ్విక బ్రిగేడున పాలస్తీనా దాక పోయిరి. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరమును గెలిచినది జోధ్‌పురు, మైసూరు దళములు. హైదరాబాదువారు అదే బ్రిగేడున వేఱు విధులలో నుండిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనము నెదుట నిలిచిన మూడు కంచువిగ్రహములలో ఒకటి మన హైదరాబాదు సైనికునిది. మన రాష్ట్రమునుండి ఢిల్లీ పోవువారు వేలమంది. ఆ మూర్తి తమవాడని ఆగి చూచువారు ఎందరు?

ఆ యుద్ధమున ఈజిప్టు, పాలస్తీనాలలో మడిసిన భారతసైనికుల స్మృతికై 1926లో సూయెజ్ కాలువ ముఖద్వారమున పోర్ట్ త్యూఫిక్‌లో స్మారకమును నెలకొల్పిరి. 1967 తరువాతి ఈజిప్టు, ఇజ్రాయెలు పోరులలో ఆ స్మారకమే దెబ్బతిని కూలద్రోయబడినది. యుద్ధమృతుల జ్ఞాపికను మరొక యుద్ధము మ్రింగివేసినది! పిమ్మట 1980లో కైరో చెంతనున్న హీలియోపొలిస్‌లో క్రొత్త ఫలకములు వెలసెను. సుమారు నాలుగువేల పేర్లు అందు తలపింపబడుచున్నవి. ఢిల్లీలోని ఇండియా గేటుపై చెక్కిన పేర్లు పదమూడువేలకు పైబడినను, ఆ మహాయుద్ధమున చచ్చిన మనవారు 70,000కు మించినవారు. రాయి ఎంత పెద్దదైనను చాలలేదు.

రెండవ మహాయుద్ధము నాటికి ఇరువదియైదు లక్షలమంది భారతీయులు సైన్యమున చేరిరి. 1941 డిసెంబరు 8 తెల్లవారుజామున జపానుసేనలు మలయాలోని కోటబారు తీరమున దిగినపుడు, అచటి విమానాశ్రయమును కాచుచుండినది హైదరాబాదు రాజ్యపు పదాతిదళమే. సింగపూరు పతనముతో అనేకవేలమంది బందీలైరి. తిరిగివచ్చినవారును, రానివారును ఎవరో ఊళ్లకు ఏండ్ల తరబడి తెలియలేదు. సియాం, బర్మా రైలుమార్గపు పనిలో చచ్చిన తోటకూలీలలో తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. 1942లో రంగూను విడిచి అడవిదారుల నడచివచ్చిన తెలుగు కూలీలలో దారిలోనే ఒరిగినవారికి సమాధియైనను లేదు. సైనికుడు కానివాని చావును యుద్ధము తన ఖాతాలో వ్రాసికొనదు.

1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన హైదరాబాదు సైనికచర్య ఐదు దినములలో ముగిసినది. రజాకార్ల దౌర్జన్యములకు గురియైన పల్లెలు ఒకవైపు, నిజాము పతనానంతరము చెలరేగిన ప్రతీకారములలో నశించిన నిరపరాధులు మరొకవైపు. భారతప్రభుత్వము విచారణకై పంపిన సుందర్‌లాల్ సంఘము ఆ మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27,000 మొదలు 40,000 వరకు ఉండునని అంచనావేసినను, ఆ నివేదిక దశాబ్దములు మరుగుననే యుండినది. మన పక్షపు మృతులను మాత్రమే తలచి తక్కినవారిని మరచుట స్మృతి కాదని నా దృఢాభిప్రాయము. నిజాము సైన్యము రద్దగుటతో, దేశాంతరములలో పోరివచ్చిన సిపాయిలు కూడ ఒక్కమారుగా ఏ రాజ్యమునకును చెందని మాజీలైరి. వారి కొలువును ఎవరి కీర్తిగా చెప్పుకొనవలెనో ఎవరికిని తోచలేదు.

గద్వాల చెంతనున్న ఇటికాలపాడువాడైన సురవరం ప్రతాపరెడ్డి, రాజుల యుద్ధముల పట్టికయే చరిత్ర కాదని గ్రహించి, జనుల తిండి, బట్ట, ఆట, పాట, విశ్వాసములతో 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించెను. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము, ఆయన గతించిన పిమ్మట, ఆ గ్రంథమునకే లభించినది. నాగర్‌కర్నూలు సీమలో కపిలవాయి లింగమూర్తి జీవితమంతయు ఊరూర తిరిగి, గుడులను, శాసనములను, స్థలకథలను గ్రంథములకెక్కించెను. వీరిద్దరి చూపుతో యుద్ధమును చూచిన, అది సేనానుల కథగా గాక ఇండ్ల కథగా కనబడును. పాలమూరునకు కావలసిన యుద్ధచరిత్ర అట్టిది.

స్వాతంత్ర్యానంతరము మన తెలంగాణ బిడ్డలు తక్కువ త్యాగము చేయలేదు. 1999 కార్గిల్ యుద్ధమున హైదరాబాదువాడైన మేజర్ పద్మపాణి ఆచార్యయు, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటవాడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబును మడిసి మహావీరచక్రము పొందిరి. కూడలులలో విగ్రహములు నిలిపితిమి, తగినదే. కాని సైనికులలో అధికసంఖ్యాకులు మరణింపక, పదునైదు పదునేడేండ్ల కొలువు ముగించుకొని, నలువదియేండ్లు నిండకయే ఇల్లు చేరినవారు. వారిలో కొందరు మంచుచేత వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, కొందరు రాత్రులు నిద్రపట్టనివారు, పెక్కుమంది హైదరాబాదున బ్యాంకుల యెదుటను, అపార్టుమెంట్ల యెదుటను కావలికూర్చుండువారు. 1949 మొదలు డిసెంబరు 7 సాయుధదళముల పతాకదినముగా జరుగుచున్నది. మాజీ సైనికులకు సర్కారుభూమి కేటాయించు నియమమును కలదు. ఆ నియమము నెత్తరుకొడగెకు వారసురాలు. అయితే కొలిచి యివ్వవలసిన భూమి కాగితములలో తిరుగుచుండగా వయసు మళ్లిన సిపాయి కచేరీలచుట్టు తిరుగుట ఊరికి అవమానము; ఆనాటి శాపవాక్యము ఈనాడును వర్తించును.

కావున తెలకపల్లి మండలపు పెద్దలకును, ఉపాధ్యాయులకును నా మనవి యిది. మీ ఊరి వీరగల్లుపై సున్నము, రంగు వేయింపకుడు. పొలము చదును చేయునపుడు బయటపడినదానిని కాలువకు అడ్డుగా పరువక పురావస్తుశాఖకు తెలుపుడు. పంచాయతీలో ఒక గట్టి పుస్తకము తెరచి, ఈ ఊరినుండి సైన్యమునకు పోయిన ప్రతివాని పేరును, పోయిన యేడును, వచ్చిన యేడును, రానిచో ఆ విషయమును, వాని తల్లి పేరును, భార్య పేరును వ్రాయుడు. ఎనుబదియేండ్ల ముసలమ్మలు బ్రతికియుండగనే అడిగి వ్రాయుడు. డిసెంబరు 7న బడిపిల్లలను విగ్రహము కడకు గాక, ఊరిలోని మాజీ సైనికుని ఇంటికి కొనిపోయి, ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయింపుడు. ఆయన భూమి దరఖాస్తు ఎచట ఆగినదో అదేదినమున కనుగొని, గ్రామసభ తీర్మానముతో పైకి పంపుడు.